ఏడో నంబరు

ఎడమకాలి చెప్పుకు కొబ్బరినూనె పట్టిస్తున్నాను. ఎంత పట్టించినా దానికి కుడికాలి చెప్పు రంగు రాదని తెలుసు, అయినా పట్టిస్తున్నాను. మా ఆయన ముబీన్‌కి నెల్లూరు చిన్నబజారులో చెప్పుల కొట్టుంది. కొత్త రకం రాగానే జతలో ఎడమది షోకేసులో పెడతాడు, కుడిది డబ్బాలో ఉండిపోతుంది. ఏడాది తిరిగేసరికి షోకేసులోది ఎండకు వెలిసిపోతుంది. ఒకటి ఎర్రగా, ఒకటి పాత ఇటుకలా ఉన్న జతను ఏ మహాతల్లి కొంటుంది? అందుకని అది నాకొస్తుంది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళుగా నేను తొడిగినవన్నీ ఇవే.

పైగా షోకేసులో పెట్టేది ఎప్పుడూ ఆరో నంబరే. అద్దంలో చిన్న చెప్పయితే ముద్దుగా కనిపిస్తుందట. నా కాలు పెద్దది. మడమ వెనక్కి వేలాడుతుంది, చిటికెనవేలు పట్టీ బయటికి పొడుచుకొస్తుంది. అరికాళ్ళ నిండా ఆనెలు. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత" అని ఓసారి నోరు జారితే మా అత్తమ్మ బీజాన్ అందుకుంది. "కొట్టుండేవోళ్ళు మంచియ్యి అమ్ముకుంటారు, మిగిలినియ్యి తొడుక్కుంటారు. మీ మామ ఉన్నన్నాళ్ళూ నేనూ అట్నే తొడిగినా. నీ కాళ్ళేమన్నా బంగారంతో చేసినారా?" లేదత్తమ్మా, ఎముకలతో చేశారు, అందుకే నొప్పి. ఈ మాట నోట్లోనే నమిలి మింగేశాను. బురఖా వేసుకుని బయటికెళ్తే లోకానికి కనిపించేవి నా పాదాలే, వాటికీ రెండు రంగులు. ఇంతకీ ఆ కొట్టుకి వచ్చే ప్రతి జతకూ నంబరు స్టిక్కరు అంటించేది నేను. ఊడిన పట్టీలు కుట్టేదీ నేనే. వంటయ్యాక, గిన్నెలయ్యాక, అత్తమ్మ కాళ్ళకు మందు రాశాక. దాన్ని పనని ఎవరూ అనరు, "ఊరికే కూర్చోని చేసేదే గదా" అంటారు.

అలాంటి నాకు బజారు ఎలా దొరికిందంటే, కొట్టుకి అన్నం క్యారియర్ తీసుకెళ్ళే మనిషి పని మానేశాడు. అంతకుముందు బజారంటే ముబీన్ చేతిసంచిలో మా ఇంటికొచ్చేదే. చీరలు, గాజులు, సిగ్గు విడిచి చెప్పాలంటే లోపల వేసుకునే బట్టలు కూడా ఆయనే తెచ్చేవాడు. "నీకు బేరం రాదులే" అనేవాడు. బేరానికి పోనిస్తే కదా వచ్చేదీ రానిదీ తెలిసేది! ఇక క్యారియర్ నా చేతికొచ్చింది. పోయేటప్పుడు తిన్నగా పోయేదాన్ని, అన్నం చల్లారిపోతుందని. వచ్చేటప్పుడు ఖాళీ క్యారియర్‌కి ఏం తొందర? రోజుకో సందు పట్టుకున్నాను.

అబ్బబ్బ, ఎన్ని కొట్లు! ఒక సందులో తాళ్ళూ వలలూ తప్ప ఇంకేమీ అమ్మని కొట్టుంది. సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు వల కళ్ళలో వేళ్ళు దూర్చి చూసుకుంటూ, కొట్టాయన్ని దులిపేస్తుంటారు. వాళ్ళ గొంతులు వినడానికే రెండుసార్లు అటు తిరిగాను. ఇంకో సందులో ఒట్టి గుండీల కొట్టు. గోడంతా గాజు సీసాలు, సీసాల నిండా గుండీలు. ఆ పక్కన జల్లెడలు, చేటలు. మలుపులో అత్తరు కొట్టు ముసలాయన దూదిపుల్ల ముంచి "వాసన చూడు తల్లీ, కొనకపోయినా పర్లేదు" అన్నాడు. ప్రతి కొట్లోనూ ఒకటే ప్రశ్న. "ఏం కావాలమ్మా?" మొదట్లో నాకు నోరు పెగల్లేదు. ఇంట్లో ఆ ప్రశ్న అడిగేది నేను, అన్నం దగ్గరా, టీ దగ్గరా, పక్క వేసేటప్పుడూ. నన్నడిగినవాళ్ళు ఎవరూ లేరు. గుండీల కొట్లో పచ్చ గుండీలు రెండు కొన్నాను. ఏ బట్టకీ కాదు. నచ్చాయి, అంతే. ఇంటికొచ్చేదాకా గుప్పిట్లోనే పెట్టుకున్నాను. నా సంతోషం చూసి నాకే ఏడుపొచ్చింది.

ఆ సందుల్లోనే చెంచులక్ష్మి కొట్టు కనిపించింది. కాలు కొలిచి చెప్పులు కుట్టిస్తుంది. నేను గడప ఎక్కకముందే, "ఏందక్కా, కాళ్ళు నిన్నేం చేసినాయని ఇట్ట హింస పెడతుండావు?" అంది. అట్ట మీద నిలబెట్టి పెన్సిలుతో పాదాల చుట్టూ గీత గీసింది. చక్కిలిగిలి పుట్టి నవ్వాను, ఆమె కూడా నవ్వింది.

"ఏడో నంబరక్కా. ఎడమది ఇంకొంచెం పెద్దది. రంగేం కావాల?"

"పచ్చ" అన్నాను, అడగడమే ఆలస్యమన్నట్టు.

"శనివారం రా, కుట్టించి పెడతా."

అన్నేసి స్టిక్కర్లు అంటించిన దాన్ని, నా నంబరు నాకు ఆరోజు తెలిసింది.

బజారులో మాటకు కాళ్ళెక్కువ. శుక్రవారం సాయంత్రానికే ముబీన్ చెవిన పడింది. కంచం ముందు కూర్చున్నాడే గాని, ముద్ద దిగడం లేదు.

"గొడుగుల కొట్టు కామాక్షయ్య నవ్వతా అడిగినాడు. 'ఏం ముబీన్, మీ కొట్లో సరుకంత అధ్వానమా, మీ ఇంట్లోవోళ్ళే వేరే కొట్లో కుట్టించుకుంటుండారు' అని. నా తల యాడ పెట్టుకోవాల?"

నిజం చెప్పొద్దూ, ఆ మాటకు మెత్తబడ్డాను. అసలే బేరాలు తగ్గి దిగులుగా ఉన్నాడు. కానీ ఆయన అంతటితో ఆగలేదు.

"రేపట్నించి క్యారియర్ తేబాకు. హోటల్లో తింటా. అసలు నువ్వు బజారుకే రాబాకు. నీకేం కావాలన్నా నేను తేనా?"

"నా సైజెంత?" అన్నాను.

"ఆరు గదా" అన్నాడు, తల ఎత్తకుండా.

మెట్టు మీద కాలు పెట్టగానే ఆడవాళ్ళ నంబరు చెప్పేస్తానని అందరి దగ్గరా గొప్పలు పోయే మనిషి! ఆ రాత్రి చెప్పుల గురించి నాకు చింత లేదు. ఆ సందులు పోతాయే అని భయం. అవి పోతే నేను మళ్ళీ ఆయన సంచి ఎప్పుడొస్తుందా, అందులో ఏముంటుందా అని కాచుకుని కూర్చునే మనిషినే. ఆ బతుకు నాకొద్దు.

శనివారం అన్నం వండి మూత పెట్టాను. "యాడికి?" అంది అత్తమ్మ. "చెప్పులు కొనుక్కునేదానికి" అని చెప్పి మరీ బయల్దేరాను.

నేరుగా మా కొట్టుకే వెళ్ళాను. బల్ల మీద ముత్తుకూరు నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళు కూర్చుని ఉన్నారు. నేనూ వాళ్ళ పక్కనే కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ బల్ల మీద కూర్చోవడం అదే మొదలు. ముబీన్ ముఖం మాడిపోయింది. దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఏందిది? ఇంటికి పో" అన్నాడు.

నేను గొంతు తగ్గించలేదు. "చెప్పులు చూపియ్యండి. ఏడో నంబరు."

"ముందు ఆమెకు చూపియ్యబ్బయ్యా, మా బస్సుకింకా టైముండాది" అంది ముత్తుకూరు తల్లి.

ఇక ఆయనకు దారి లేకపోయింది. పీట లాక్కుని నా కాళ్ళ ముందు కూర్చున్నాడు. మడమ చేతిలోకి తీసుకున్నాడు. ఎంతమంది కాళ్ళు పట్టి చూశాడో, నా కాలు మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు. ఆయన బొటనవేలు ఆనె మీద ఆగింది.

"ఇయ్యెప్పుడొచ్చినాయి?" అన్నాడు, నాకొక్కదానికే వినపడేలా.

"మీ ఆరో నంబరు తొడిగినప్పట్నించి."

ఒక డబ్బా తెరిచాడు, పట్టలేదు. ఇంకోటి తెరిచాడు, వేళ్ళు ఒత్తుకున్నాయి. మూడో డబ్బాలో గోధుమరంగు జత. కాలు అందులో హాయిగా కూర్చుంది. అబద్ధమెందుకు, ఎంత మెత్తగా ఉందో! ముబీన్ తలెత్తి నన్ను చూశాడు. ఆ ముఖంలో తప్పు తెలిసిన బాధ ఉంది. ఆ క్షణంలో ఆయన మీద జాలి కూడా కలిగింది నాకు.

"సరిపోయినాయి. ఇయ్యే ఉంచుకో. కొత్త జత, షోకేసుది కాదు" అని, ఆ వెంటనే నెమ్మదిగా అన్నాడు, "ఇంక ఆ సందుల్లో తిరగబాకు."

చెప్పులు విప్పి, రెండూ జతగా పెట్టి, ఆయన చేతికిచ్చాను. ముత్తుకూరు తల్లీకూతుళ్ళకు కూడా వినపడేలా అన్నాను.

"బాగుండాయి. కానీ నాకు నచ్చలా. వేరే కొట్లో చూసుకుంటా."