రెండో సీసా

సీసాలను ట్రేలో వరుసగా పేర్చి, స్వరాజ్యం ఒక్కొక్కదాంట్లో సగం వరకు, ఒంట్లోంచి తీసిన ముక్కలు మురగకుండా ఉంచే ఫార్మాలిన్ పోసింది. ఆ ఘాటుకు కొత్తవాళ్లకు కళ్ల వెంట నీళ్లు కారతాయి. ఆమెకు ఆ వాసన తెలియడం మానేసి ఏళ్లయింది. వేళ్ల కొసలు తెల్లబడి, చర్మం ఉల్లిపొరలా ఎండిపోయింది. యాభై రెండేళ్ల మనిషి; పొట్టిగా, గట్టిగా ఉంటుంది. సిద్దిపేటలోని ఆ ప్రైవేటు దవాఖానలో ఇరవై నాలుగేళ్లుగా ఆపరేషన్ గది పని ఆమెదే.

కిటికీ అవతల బజ్జీల బండి మీద మొదటి వాయ చిటపటలాడింది. అది వినడం ఆమెకు రోజూ ఓ చిన్న సంతోషం. చేయి ఆపి, వాయ పూర్తయ్యేదాకా విని, మళ్లీ పనిలో పడింది.

రెండు నెలల కిందట చేరిన డాక్టర్ స్నిగ్ధ లోపలికొచ్చింది.

"అక్కా, ఇయాల్టి సంది ఒక్కొక్కరికి రెండు సీసాలు. ఒకదాంట్ల ఫార్మాలిన్, ఒకదాంట్ల సెలైన్."

"ఉప్పునీళ్లెందుకు మేడం? ముక్క మురిగిపోదా?"

"ఫార్మాలిన్ల ఏస్తే క్రిమి సచ్చిపోతది. సచ్చినదాన్ని ల్యాబుల ఎట్ల పెంచి చూస్తరు? గర్భసంచిల టీబీ దగ్గు లేకుండ, జ్వరం లేకుండ గమ్మున కూసుంటది అక్కా. పిల్లలు కానోళ్లల్ల దాన్ని ఎట్ల పట్టాల్నని ఇప్పుడు మస్తు పరిశోధనలైతున్నయి. నేను రాసేది గూడ గదే. జల్ది దొరికితే మందులున్నయి. కొందరికి పిల్లలు గూడ అయితరు."

స్వరాజ్యం సీసా మూత బిగించింది.

"నాకు గూడ ఇర్వై ఆరేండ్ల కింద గిట్లనే ముక్క తీసిన్రు మేడం. ఒక్కటే సీసా ఉండె."

స్వరాజ్యం గుడ్డ తీసుకుని బల్ల తుడవసాగింది. అప్పటి కాగితం మీద 'దోషమేమీ లేదు' అని రాసి ఉంది. దాన్ని పట్టుకునే, కాపురానికి వెళ్లిన మిరుదొడ్డిలో అత్త అడిగింది: "దవాఖానోళ్లే ఏం లేదంటిరి. మరి పిల్లలెందుకైతలేరే? నీ అడుగే మంచిది గాదు." ఆరు నెలలకు భర్త బుచ్చిరాములు ఇంకో పెళ్లి చేసుకున్నాడు. సీమంతాలకు, పురుళ్లకు ఆమెను పిలవడం మానేశారు. ఆమె వచ్చి ఇక్కడ చీపురు పట్టింది. అంతే. తలచుకుంటే ఇప్పుడు నొప్పి కూడా రాదు.

పదకొండింటికి వర్గల్ నుంచి సాయిప్రియను తెచ్చారు. బట్టల దుకాణం వాళ్ల కోడలు, పెళ్లయి ఐదేళ్లు. స్వరాజ్యం ఆమె చేతుల గాజులు తీస్తుంటే అత్త విమలమ్మ గుమ్మంలోంచే అంది: "మా కోడలికి అన్నీ నిండుగున్నయి, కడుపొక్కటి దప్ప. గిదే ఆఖరు దవాఖాన. ఇంక దీన్ని తిప్పుడు నాతోని గాదు."

"తిప్పేది నువ్వా అత్తమ్మా, బస్సా?" అంది సాయిప్రియ.

"సూసిన్రా, నోరు గూడ నిండుగనే ఉన్నది!"

తలుపు మూశాక పిల్ల స్వరాజ్యం కొంగు పట్టుకుంది. "నొప్పి లేస్తదా పెద్దమ్మా?"

"లేవది బిడ్డా. నిద్రవోయి లేస్తవ్, గంతే."

మత్తు ఇచ్చారు. గర్భసంచి లోపలి పొర నుంచి గీకి తీసిన ముక్కలను స్నిగ్ధ గిన్నెలో అందించి, చేతులు కడుక్కోవడానికి తిరిగింది. స్వరాజ్యం చేయి అలవాటు చొప్పున కదిలింది. మూత తీసింది, చిమ్టాతో ఎత్తింది, వేసింది, బిగించింది. అప్పుడు చూసింది. ముక్కలన్నీ ఫార్మాలిన్‌లో ఉన్నాయి. రెండో సీసాలో ఉప్పునీళ్లు తేటగా, ఉత్తవే ఉన్నాయి.

ఎవరూ చూడలేదు. ఒక ముక్కను తీసి ఇందులో వేస్తే చాలు, ఎవరికీ తెలియదు. కానీ చచ్చిన క్రిమి ల్యాబులో పెరగదు; ఈ పిల్లకూ 'దోషమేమీ లేదు' అని కాగితం వస్తుంది. పోయిన వారం చేతిలోంచి ట్రే జారితేనే సూపర్‌వైజర్ నరేందర్ "ఇంకొక్క తప్పు జేస్తే ఇంటికే" అన్నాడు.

చిమ్టా కింద పెట్టింది.

"మేడం, అన్నీ ఫార్మాలిన్లనే ఏసిన. మల్ల తియ్యాలె."

"అక్కా! పొద్దుగాలనే గద చెప్పిన!"

"చెప్పిన్రు. చెయ్యి ఇనలే."

స్నిగ్ధ మత్తు డాక్టరు వైపు చూసింది. ఆయన తలూపాడు. ఆమె మళ్లీ గ్లౌజులు తొడుక్కుంది. ఈసారి వచ్చింది గోరంతే. స్వరాజ్యం రెండో సీసా మూత తీసి పట్టుకుంటే, స్నిగ్ధే స్వయంగా అందులో వేసింది.

మధ్యాహ్నం నరేందర్ పిలిచాడు. "రేపటి సంది రావద్దు. ఏజెన్సోళ్లు ఇంకొకరిని పంపుతరు."

"ఆమె చెప్పకుంటే మనకు తెల్వకనే పోతుండె సార్," అంది స్నిగ్ధ.

"నేననేది గూడ గదే మేడం. గట్ల తెల్వకుండ ఎన్ని పోయినయో?"

స్వరాజ్యం "సరే సార్" అంది. వెళ్లి మిగిలిన గిన్నెలు తోమింది. మెలకువ వచ్చిన సాయిప్రియకు గాజులు తొడిగింది. నాలుగింటికి ఆ సీసాను తానే ల్యాబుకు తీసుకెళ్లి, అందినట్టు సంతకం చేయించుకుంది. వచ్చి తన గ్లాసులో టీ తాగింది. ఐదింటికి సంచి భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

సింకు పక్కన ఆమె కడిగి బోర్లించిన స్టీలు గ్లాసు ఉండిపోయింది. దాని నడుమున చుక్కలు చుక్కలుగా కొట్టించిన రెండు పేర్లు, స్వరాజ్యం, బుచ్చిరాములు, కింద పెళ్లి తేదీ. ఆ చుక్కల్లో సబ్బు ఆరి తెల్లగా నిలిచింది.