పోలిగాడి నాలుగు స్వరాలు

ఎబెనేజర్‌కు సంగీతం ఎవరూ నేర్పలేదు. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం చేస్తూ, ఫోన్లో చూసి ఫిడేలు పట్టాడు. పట్టినవాడు ఊరుకోక ముగ్గురు వాయించడానికి సొంతంగా ఒక బాణీ కట్టి, ‘పొద్దుపొడుపు’ అని పేరు పెట్టాడు. కంపెనీ గోడవతల వేపచెట్టు మీద రోజూ పొద్దున్నే ఒక పసులపోలిగాడు కూస్తాడు. ఆ పిట్ట కూతలోని నాలుగు స్వరాలే బాణీకి ప్రాణం.

కోతపండుగనాడు చర్చిలో వాయించడానికి సంఘపెద్ద మాథ్యూ ఐదు నిమిషాలిచ్చాడు. ఇస్తూనే వేలు చూపించాడు.

“దేవుని సృష్టి తప్ప ఇంకేం ఇనపడొద్దు. వేరే వాసనొచ్చిందో, మధ్యలనే ఆపిస్త. ఇగ ఈ జన్మల నీకు మైకు లేదు బిడ్డా!”

శనివారం ఎబెనేజర్ ఇంటి మీది రేకుల గదిలో సాధన మొదలైంది. రుద్రారంలో చదివే నిషిత వేణువు ఊదింది. నాలుగు స్వరాలు పలికాయో లేదో, అదే కంపెనీ గోదాములో పనిచేసే తబలా నర్సింహ తబలాను చంకన పెట్టుకుని గోడవారకు దూకాడు.

“ఏమైందే నర్సింహన్నా, తేలు గిట్ల కుట్టిందా?” అంది నిషిత.

“మళ్లొకసారి ఊదు బిడ్డా.”

ఊదింది. మళ్లీ దూకాడు. ఈసారి పొట్ట పట్టుకుని నవ్వుతూ కూలబడ్డాడు.

“ఇది పిట్ట పాట కాదు తమ్మీ! మా గోదాముల మూటలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి ఎనకకొచ్చేటప్పటి హారన్! పదకొండేండ్ల సంది ఆడ మూటలు మోస్తున్న. గా సప్పుడు ఇంటే కాళ్లు వాటంతటవే జరుగుతయ్. మీ పోలిగాడు మా దగ్గర్నే నేర్చిండు. ఏసీల కూసునేటోనివి, నీకేం తెలుస్తది!”

ఎబెనేజర్ బాణీ రాసిన కాగితం ముందేసుకున్నాడు. పండుగ రేపే. స్వరాలను నెమ్మది చేశాడు. నర్సింహ నెమ్మదిగా జరిగాడు. ఎబెనేజర్ వాటిని తలకిందులు చేశాడు. “ఇప్పుడు బండి ముందుకొస్తుంది,” అన్నాడు నర్సింహ. ఎబెనేజర్ వాటిని మొత్తానికే తీసేశాడు.

“గింజల్లేని కంకి లెక్కుందన్నా,” అంది నిషిత మొహమాటం లేకుండా.

ఎబెనేజర్ కాగితం విసిరికొట్టాడు. “పిట్ట ఇన్నది కూసింది. అది కూసింది నేను రాసిన. ఇందుల అబద్ధమేడుంది? ఆపితే ఆపనీ. ఉంచుదాం!”

ఆదివారం చర్చి కిటకిటలాడింది. సగం మంది ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్లే. వేణువు నాలుగు స్వరాలు పలికింది. బల్లల మీది మగవాళ్లంతా ఒక్కసారే కాళ్లు లోపలికి లాక్కున్నారు. కానుక గుమ్మడికాయతో నడవలో వస్తున్న అహరోను గోడకు అతుక్కుపోయాడు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీ గేటు కాసి రిటైరైన మాథ్యూ కుర్చీలోంచి పక్కకు గెంతాడు. కుర్చీ పడింది. ముందు వరసలో ఏసమ్మ కిసుక్కుమంది. ఇంకేముంది, చర్చి చర్చంతా గొల్లుమంది.

ఫిడేలు ఆగింది. మాథ్యూ కుర్చీ లేపి నిలబెట్టి, మైకు దగ్గరికి వచ్చాడు.

“ఏందిరా గిది?”

“పిట్ట, తాతా. కంపెనీ గోడవతలి పిట్ట. నిజంగ గట్లనే కూస్తది.”

మాథ్యూ గడియారం చూశాడు. జనాన్ని చూశాడు. చివరికి తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

“ఇంక రెండు నిమిషాలున్నయ్. వాయించు,” అని, జనం వైపు తిరిగాడు. “మీరు కాళ్లు దగ్గరికి పెట్టుకొని కూసోండ్రి. పిట్ట ఎనకకొస్తుంది.”