బోర్డు లేని చోటు

స్టూలు నాలుగు కాళ్ళూ నేల మీది నాలుగు పసుపు చుక్కల మీద సరిగ్గా ఉన్నాయో లేదో అప్పలసూరి వంగి చూశాడు. ఒక కాలు వేలెడు పక్కకి జరిగింది. ఊడ్చినవాళ్ళ పని. దాన్ని సరిచేసి, గోడకి కొట్టిన మేకు నుంచి దువ్వెన తీసి, తలమీద మిగిలిన నాలుగు వెంట్రుకలనీ మర్యాదగా వెనక్కి దువ్వుకున్నాడు. కెమెరాని స్టాండుకి బిగించి, పది సెకన్లకి దానంతటది తీసుకునేలా మీట నొక్కి, గబగబా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. వెన్ను నిటారుగా, చేతులు మోకాళ్ళ మీద, చూపు సూటిగా ముందుకి. కెమెరా టక్కుమంది.

పార్కు తలుపులు తెరవకముందు, పన్నెండేళ్ళుగా, రోజూ అతను చేసే మొదటి పని ఇది. వెలుతురు ఎలా ఉందో తన మొహం మీద చూసుకుంటాడు. మామూలుగా ఒక్కసారే తీసుకుంటాడు. ఈరోజు మూడుసార్లు కూర్చున్నాడు, ఎందుకంటే కెమెరాలు మూడున్నాయి. ఒకటి అతని మెడలో పన్నెండేళ్ళు వేలాడి ముసలిదైపోయింది, పదిసార్లు నొక్కితే రెండుసార్లు మొరాయిస్తోంది. మిగతా రెండూ విశాఖపట్నం దుకాణం నుంచి వాడి చూడమని పంపినవి. సాయంత్రం దుకాణం మనిషి వచ్చేలోగా ఏది ఉంచుకోవాలో తేల్చాలి.

అప్పలసూరికి అరవై ఒకటి. పొట్టి మనిషి. ముప్ఫై అయిదేళ్ళు ఎడమకన్ను మూసి కుడికన్నుతో చూసినందువల్ల ఎడమకన్ను చుట్టూ ముడతలు పడి, ఆ కన్ను కాస్త చిన్నదైపోయింది. మెడ వెనక పట్టీ ఒరుసుకుని కాయ కాసింది. పొలంపని చేసేవాడికి అరచేతిలో కాస్తే అతనికి మెడమీద కాసింది, అంతే తేడా. చొక్కా మాత్రం రోజూ ఇస్త్రీది.

భోగాపురం దాటాక హైవే పక్కన ఉన్న ఆ పార్కులో సిమెంటు డైనోసార్ ఉంది, అలలు లేచే కొలనుంది, జనం నెత్తిన నీళ్ళు కుమ్మరించే పెద్ద బకెట్టుంది. ఫొటోకి నిలబడాల్సిన చోట్లు ఎనిమిది. ఎనిమిదీ అప్పలసూరి ఎంచినవే. డైనోసార్ దగ్గర పదిలోపే తీయాలి, పది దాటితే దాని తల నీడ జనం పొట్టలమీద పడుతుంది. బకెట్టు దగ్గర సాయంత్రం నాలుగు దాటాక ఎండకి వీపుపెట్టి తీస్తే నీటి తుంపరలో ఇంద్రధనుస్సు వస్తుంది. అలల కొలను దగ్గర రెండడుగులు ఎడమకి జరిగితే వెనక కరెంటు స్తంభం కనిపించదు. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ లేవు. ఎండలో నిలబడి, ఏడాది పొడుగునా సూర్యుడి వెంట తిరిగి, నేలమీద పసుపు రంగుతో అడుగుల గుర్తులు వేశాడు. ఇప్పుడు చేతిలో ఫోనున్న ప్రతివాళ్ళూ ఆ అడుగుల మీదే నిలబడి వాళ్ళ ఫొటోలు వాళ్ళే తీసుకుంటారు. దానికి అతను నొచ్చుకోడు. నిలబడింది తన చోటులోనే కదా అని లోలోపల కాస్త పొంగుతాడు కూడా.

తొమ్మిదో చోటు ఈ స్టూలున్న చోటు. పంపుల గది వెనక గోడ. ఉత్తరం వైపు మొహం, పైన రేకు చూరు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండ తగలదు, చీకటీ ఉండదు. సున్నంలో నీలిమందు కలిపి ఏటా అతనే స్వయంగా గోడకి పూస్తాడు. బొమ్మా లేదు, పువ్వూ లేదు. ఆ గోడ ముందు నిలబడి ఫొటో తీయమని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

తొమ్మిదిన్నరకి సుహాసిని వచ్చింది. శ్రీకాకుళం పిల్ల, పార్కుకి మేనేజరై ఏడాదయింది. ఆమె చేతిలో కొత్త పటం ఉంది. ఎనిమిది చోట్లకీ ఎనిమిది పేర్లు, పేరుకొక రంగు బోర్డు.

“సూరిగారూ, మీ పసుపు అడుగులన్నీ ఉంచేశానండి. ఇదొక్కటీ తీసేస్తన్నాం. ఈ గోడకి కిటికీ కొట్టించి జూస్ కౌంటర్ పెడతాం. అయిదింటికి పటం ప్రెస్సుకి ఎల్లిపోద్ది.”

“ఇక్కడ నాను ఎలుగు సూసుకుంతానమ్మా.”

“ఎలుగు ఎక్కడైనా సూసుకోవచ్చు కదండీ.”

అడగడం అప్పలసూరికి రాదు. జీతం పెంచమని అడగలేదు, గొడుగు కావాలని అడగలేదు. సుహాసిని వెళ్ళిపోయాక గోడని అరచేత్తో ఒకసారి తడిమాడు. అయిదింటి దాకా టైముంది. ఏం చెప్పాలో మాత్రం తెలియలేదు.

పదకొండింటికి ముక్కాం అనే జాలరి పల్లె నుంచి రెండు వ్యాన్లు వచ్చాయి. సముద్రంలో వేట నిషేధం రోజులు కావడంతో మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ ఇళ్ళ దగ్గరే ఉన్నారు, పిల్లలు ఎక్కడికైనా తీసుకెళ్ళమని పీక్కుతింటున్నారు. రోజూ సముద్రాన్ని చూసేవాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని సిమెంటు తొట్టిలో అలలకి కేరింతలు కొడుతుంటే అప్పలసూరికి ఎప్పుడూ నవ్వొస్తుంది. అందరినీ మూడు వరసల్లో నిలబెట్టి తీశాడు. తీస్తూనే ఆ గుంపులో అందరికంటే పెద్దామె ఎవరో చూసుకున్నాడు. తాతమ్మ అని పిలుస్తున్నారు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. ముక్కుకి నత్తు, గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు.

“అప్పా, ఓపాలి ఇలగ రా. ఎలుగు సూసుకోవాల, సిటికెడు సేపు కూకుంటే సాలు.”

రోజూ చెప్పే అబద్ధమే. వచ్చిన ప్రతి గుంపులోనూ ఒక పెద్దమ్మనో పెద్దాయననో ఇలాగే పిలిచి స్టూలు మీద కూర్చోబెడతాడు. తాతమ్మ వచ్చి కూర్చుంది, తడిసిన కొంగు పిండుకుంది, మేకుకున్న దువ్వెన తనే తీసుకుంది. మొదటి కొత్త కెమెరాతో తీసి చూపించాడు. చిన్నది, తేలిక, మెడకి బరువే తెలియదు. పొద్దున్నించి అతని మనసు దానిమీదే ఉంది.

తాతమ్మ కళ్ళు చికిలించి చూసింది.

“ఈవిడెవులు?”

“నువ్వే అప్పా.”

“నానేటి ఇలగ తెల్లగున్నాను, పిండి రాసినట్టు? నా పచ్చబొట్టేది? మాయమ్మ పొడిపించినాది అది. సెరిపీడానికి ఈ డబ్బా ఎవులు?”

అప్పలసూరి చూశాడు. నిజమే, చర్మం నున్నగా చేసి కెమెరా మూడు చుక్కల్నీ మచ్చలనుకుని తుడిచేసింది. ఆ మీట ఆపి మళ్ళీ తీశాడు. చుక్కలు వచ్చాయి గానీ మొహం బొగ్గుముద్దలా వచ్చింది, కళ్ళు కలిసిపోయాయి. తెల్లగా చేయడం, లేకపోతే మసి చేయడం. మధ్యలో మనిషి ఉండే రంగు దానికి తెలియదు. రెండో కొత్త కెమెరాతో తీశాడు. ఇటుకంత బరువుంది. ఈసారి నల్లని మొహంలో ముడత ముడతా విడిగా వచ్చింది. నత్తు అంచున నీటిబొట్టు కూడా కనిపించింది. గడ్డం మీద ఆకుపచ్చగా మూడు చుక్కలూ ఉన్నాయి.

“ఇది నాను,” అంది తాతమ్మ. కెమెరాల సంగతి అంతటితో తేలిపోయింది.

లేవబోతూ ఆగి అతన్ని తేరిపార చూసింది. “ఎలుగూ లేదు, ఏటీ లేదు. నాను పోయినాక గోడకెట్టడానికే కదేటి ఇది? నాకు తెల్దనుకున్నావా?”

అప్పలసూరి దొరికిపోయాడు. పన్నెండేళ్ళలో ఇలా పట్టుకున్నవాళ్ళు లేరు.

“తప్పేటున్నాదిరా ఇందల? ఇంకోటి తియ్. ఇందల మూతి ముడుసుకున్నాను. మా కోడలు రోజూ సూడాల గదా, బెదరాల కొంచెం.”

ఇంకోటి తీశాడు. బెదిరేలాగే వచ్చింది.

రెండింటప్పుడు ఒక మనిషి ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. పేరు దేవేంద్ర, పాతపట్నం దగ్గర వ్యవసాయం. ఎండలో అంత దూరం మోటారుసైకిల్ మీద వచ్చి మొహమంతా దుమ్ము కొట్టుకుపోయింది. తల కొత్తగా గొరిగి ఉంది. సుహాసిని కూర్చోమంటే కూర్చోలేదు.

“మాయమ్మండి, లచ్మణమ్మ. ఎల్లుండి పెద్దకర్మ. ఫోన్ల ఉన్న బొమ్మ ఫ్లెక్సీకి ఎడితే గళ్ళుగళ్ళుగా ఇరిగిపోనాది. అమ్మ మొగం ఆనటం లేదు. రెండేళ్ళ కిందట శివరాత్రి ముందు ఆదివారం మా ఊరి ఆడోళ్ళతో ఇక్కడికొచ్చినాది. ఎవులో కుర్సీలో కూకోబెట్టి తీసినారని సెప్పీది.”

సుహాసినికి ఏమీ అర్థం కాలేదు. పక్కనే ఉన్న అప్పలసూరి మాత్రం అప్పటికే ఆఫీసు బీరువా తెరిచి, పాత గుడ్డలో చుట్టిన హార్డ్‌డిస్కు బయటికి తీసి కంప్యూటరుకి తగిలించాడు. రోజుకొక ఫోల్డరు. ఆదివారం తేదీ దొరికింది. ఫోల్డరు తెరిస్తే మొదట అతని మొహమే వచ్చింది, స్టూలు మీద నిటారుగా. దాన్ని దాటించాడు. తర్వాత నీలిగోడ ముందు ఒకామె, ఊడిన పన్ను కనబడకుండా పెదాలు బిగించి, నవ్వు మాత్రం కళ్ళలో దాచుకోలేక.

దేవేంద్ర తెరని వేలితో ముట్టుకున్నాడు. “అన్నం ఎట్టినాక ఇలగే సూసీది,” అన్నాడు. ఆ తర్వాత గోడవైపు తిరిగి మొహం మీది దుమ్ము తుడుచుకున్నాడు. సుహాసిని నీళ్ళ సీసా బల్లమీద పెట్టింది.

అతను ఫొటో తీసుకుని వెళ్ళిపోయాక అడిగింది. “ఇలాగ ఎంతమందొస్తారండీ?”

“నెలకొకలో ఇద్దరో. దూరం దూరం నుంచొస్తారమ్మా.”

“నాకెప్పుడూ సెప్పనేదేటండీ?”

అప్పలసూరి డిస్కుని గుడ్డలో చుడుతూ చెప్పాడు. విజయనగరం స్టూడియోలో ఉన్న రోజుల్లో మూడొందల పెళ్ళిళ్ళు తీశాడు. బొబ్బిలి పక్క పల్లెలో తల్లి గురమ్మ పోయిన రోజు ఇల్లంతా వెతికితే ఒక్క ఫొటో దొరకలేదు. రేషన్ కార్డు మీది గోరంత బొమ్మని పెద్దది చేయించాడు. అందులో ఆమె కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. ఇప్పటికీ ఇంట్లో అదే ఉంది, దానికే దండ.

“ఊరందరికీ తీసినాను. అమ్మని ఓపాలి కూకోమనడానికి నాకు తీరిక నేకపోనాది.” అతని గొంతులో ఏడుపు లేదు. సిగ్గు ఉంది, ఇరవై ఏళ్ళయినా తగ్గని సిగ్గు. డిస్కుని బీరువాలో పెట్టి తలుపు వేసేటప్పటికి వీపు మళ్ళీ నిటారుగా అయింది.

నాలుగున్నరకి సుహాసిని పటం పట్టుకుని పంపుల గది వెనక్కి వెళ్ళింది. స్టూలు మీద కూర్చుని చూసింది. ఎదురుగా ఏమీ లేదు, కెమెరా ఉండాల్సిన చోటు తప్ప. పెన్ను తీసి పటంలో ఆ గోడ దగ్గర జూస్ కౌంటర్ అని రాసున్న దాన్ని కొట్టేసి తొమ్మిది అని వేసింది.

“దీనికేం పేరు పెడదామండీ? బోర్డు రాయించాలి.”

అప్పలసూరి ఉద్యోగంలో చేరాక నోరు తెరిచి అడిగింది అదొక్కటే. “బోర్డెట్టకండమ్మా. బోర్డెడితే ఎవులూ కూకోరు.”

ఆమె ఆలోచించింది. తల ఊపి, తొమ్మిది అంకెని కూడా కొట్టేసి, అక్కడ చిన్న చుక్క మాత్రం పెట్టింది. అయిదింటికి పటం ప్రెస్సుకి వెళ్ళింది. దుకాణం మనిషి తేలిక కెమెరాని వెనక్కి పట్టుకుపోయాడు.

విజయనగరం బస్సులో అప్పలసూరి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఒళ్ళో ఏ బరువూ లేదు, కొత్త కెమెరాని బీరువాలో పెట్టి వచ్చాడు. అయినా చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పొద్దున స్టూలు మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు. ఇంటికెళ్ళి అన్నం తింటూ భార్య కూర్మమ్మతో, “ఈయేళ నాను అడిగినానే, ఇచ్చినారు,” అన్నాడు. ఏమడిగాడో చెప్పకుండానే చెయ్యి కడుక్కున్నాడు. ఆమె మజ్జిగ గ్లాసు పట్టుకుని కాసేపు ఎదురుచూసి, మనిషి మొహంలో వెలుగు చూసి గ్లాసు అతని చేతికిచ్చింది.

తెల్లారుతుండగా మంచినీళ్ళు అడిగాడు. కూర్మమ్మ చెంబుతో వచ్చేసరికి లేడు. అంత పొందికగా పోయాడు, దుప్పటి కూడా చెదరలేదు.

రెండు రోజుల తర్వాత సుహాసిని ఆ డిస్కు పట్టుకుని వాళ్ళింటికి వచ్చింది. రోజుకొక ఫోల్డరు, ప్రతి ఫోల్డరులో మొదటి బొమ్మ ఒకటే మనిషిది. మొదటి ఏడాది జుట్టు నల్లగా ఉంది. తర్వాత కణతల దగ్గర తెల్లబడింది. ఒక వారమంతా గడ్డం పెరిగి ఉంది, కూర్మమ్మకి ఆపరేషనైన వారమట. వానపడి చూరు కారుతున్న రోజులున్నాయి, జ్వరంతో కళ్ళు ఎర్రబడ్డ రోజులున్నాయి. వెన్ను వంగిన రోజు ఒక్కటీ లేదు. పండగపూట సెలవులు పోను నాలుగు వేల దాకా ఉంటాయి.

“ఏది ఎడదామమ్మా? మీకు ఏ ఏడాది నచ్చితే ఆ ఏడాదిది,” అంది సుహాసిని.

కూర్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని దగ్గరికి జరిగింది. చివరి బొమ్మలు మూడున్నాయి. ఒకదాంట్లో చర్మం మరీ తెల్లగా ఉంది, ఆమె తల అడ్డంగా తిప్పింది. ఒకటి పాత కెమెరాది, కాస్త అదిరింది. మూడోదాని దగ్గర ఆగింది. ఎడమకన్ను చుట్టూ ముడతలు, చెంప మీద చిన్నప్పటి కాలిన మచ్చ, ఇస్త్రీ చొక్కా మడత, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

“ఇదెట్టండమ్మా,” అంది. “ఇంత దర్జాగా కూకున్నోడ్ని నాను ఇంటికాడ ఎప్పుడూ సూడనేదు.”

పార్కు కొత్త పటంలో ఎనిమిది పేర్లున్నాయి, పంపుల గది వెనక పేరులేని చుక్క ఒకటుంది. ఆ చుక్క దగ్గర నీలిగోడ ముందు స్టూలు నాలుగు కాళ్ళూ నాలుగు పసుపు గుర్తుల మీద ఉన్నాయి, మేకుకి వేలాడుతున్న దువ్వెన పళ్ళలో తెల్లవెంట్రుక ఒకటి ఇంకా ఉంది.