కంటిలో మెరుపు

"నవ్వకు. నవ్వితే కంటి చుట్టూ గీతలు మారిపోతాయి, పాత ఫోటోలతో పోలిక చెడుతుంది," అన్నాడు భర్త, కెమెరా వెనక నుంచి.

ఆమె నవ్వలేదు. కుర్చీలో సర్దుకుంటుంటే మోకాలు కలుక్కుమని మూతి వంకర పోయింది, అంతే. తొమ్మిదేళ్లుగా అదే కిటికీ, అదే కుర్చీ, అదే ఆకుపచ్చ అల్లిక స్వెటర్.

అతను చవక లెన్సులను పరీక్షించి వాటి మంచిచెడ్డలు ఇంటర్నెట్‌లో రాస్తాడు. జేబు చూసుకుని కొనేవాళ్లు అతని మాట కళ్లు మూసుకుని నమ్ముతారు. నమ్మదగ్గ మనిషే, పరీక్షలో అబద్ధమాడడు. అతని కొలమానాలు రెండే. ఒకటి గోడకు అతికించిన వార్తాపత్రిక, రెండోది పెళ్లాం. పత్రికలో నాలుగు మూలల అక్షరాలూ అలుక్కుపోయాయేమో చూస్తాడు. పెళ్లాం ముఖంలో రెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయా, స్వెటర్ అల్లిక తెలుస్తోందా అని చూస్తాడు. పత్రికను ముడత లేకుండా అతికించేదీ, దానికి సూటిగా ట్రైపాడ్ నిలబెట్టేదీ, ఏ మూల మెత్తబడి మసకేసిందో ముందు కనిపెట్టేదీ ఆమే. రాసేటప్పుడు మాత్రం "నేను గమనించినది" అని రాస్తాడు. ఒకసారి నోరు జారి, "మనం అని రాయొచ్చుగా" అంది. "చదివేవాళ్లకి అదంతా ఎందుకు?" అన్నాడు. పక్క గదిలోంచి అత్తగారు అందుకుంది. "కూర్చున్నందుకు కూడా పేరు కావాలిట్రా దానికి? కాసేపు వంట తప్పిందని సంతోషించక!" ఆ వంట ఎవరు తప్పించారో ఆమెకు అంతుపట్టలేదు. ఫోటో అయ్యాక వెళ్లి చేసుకునేది తనేగా.

తొమ్మిదేళ్ల లెన్సులన్నీ పక్కపక్కన పెట్టి ఒక పెద్ద వ్యాసం రాయాలని ఇప్పుడు అతని ఉబలాటం. పాత ఫోటోలు తవ్వితీసే పని షరా మామూలుగా ఆమె నెత్తిన పడింది. ఒకందుకు మంచిదే అనుకుంది. హాస్టల్లో చేరిన కూతురు, "అమ్మా, నీ ఫోటో ఒకటి పంపు, బల్ల మీద పెట్టుకుంటా" అని వారం నుంచి ప్రాణం తీస్తోంది. పొద్దున్నించీ వెతికింది. నాలుగు వేల పైచిలుకు ఫోటోలు, అన్నిటిలోనూ తనే. బిడ్డ బల్ల మీద పెట్టుకోదగ్గది ఒక్కటీ లేదు. గబగబా దొర్లిస్తుంటే ఆ ముఖంలో కదిలేది జుట్టు నెరవడం ఒక్కటే.

అప్పుడు దొరికింది ఆ ఫోటో. నాలుగేళ్ల కిందటిది. "అమ్మ పోయిందక్కా" అని తమ్ముడు ఫోన్ చేసిన పొద్దు. ఆమె బట్టలు సర్దుకుంటుంటే భర్త గుమ్మంలో నిలబడ్డాడు. "బస్సుకింకా మూడు గంటలుంది కదా. ఈ లెన్సు రేపు తిరిగిచ్చేయాలి. ఒక్క పది నిమిషాలు కూర్చో." కూర్చుంది. అదే ఆమెకు ఇప్పటికీ మింగుడుపడదు. కాదంటే అతను కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. మూతి ముడుచుకునేవాడు. ఆ ముడుచుకున్న మూతిని ఆ రోజు భరించలేక, అమ్మ దగ్గరికి పరుగెత్తాల్సిన మనిషి, కిటికీ వైపు తిరిగి రెప్ప వేయకుండా కూర్చుంది. ఫోటో కింద అప్పుడు అతను రాసింది కూడా చెరగకుండా ఉంది. "కంటిలో మెరుపు అద్భుతంగా పట్టింది. రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ధరకు మించిన పనితనం."

చదివితే ఏడుపు రాలేదు. ఆ ఏడుపేదో అప్పుడే అయిపోయింది, సాక్ష్యం ఎదురుగానే ఉంది. ఏం తోచిందో, ఆ ఫోటోనే కూతురికి పంపేసింది. ఇంతలో అతను "వెలుతురు పోతోంది, రా!" అని కేకేస్తే, స్వెటర్ తొడుక్కుని వచ్చి ఈ కుర్చీలో కూర్చుంది.

ఒళ్లో ఫోన్ అదిరితే తల వంచింది.

"కదలకన్నానా!" అన్నాడు అతను.

కూతురి జవాబు. తెర పగిలిన ఫోన్‌లో, అరచేతిలో పట్టేంత బొమ్మ చూసి రాసింది పిల్ల. "ఎందుకేడుస్తున్నావమ్మా?"

ఆ కంటినే పెద్ద తెర నిండా చేసుకుని పూటంతా చూసిన మనిషి ఎదురుగా వంగి ఫోకస్ సరిచేస్తున్నాడు. ఆమె ఫోన్ అతని వైపు తిప్పింది.

"ఇది ఏ రోజు తీశారో గుర్తుందా?"

"ఓ, అదా! మంచి లెన్సు. మూలలే కాస్త మెత్తన," అన్నాడు. "నువ్వు కూర్చో, కూర్చో."

ఆమె లేచింది. స్వెటర్ విప్పి, అల్లిక కెమెరా వైపు ఉండేలా కుర్చీ వీపుకు తొడిగింది. దాని చేతులు రెండూ ముందుకు సర్దింది.

"ఇది కదలదు," అంది.

"ఇప్పుడేమైంది?" అన్నాడు అతను. నిజంగానే అర్థం కాలేదు పాపం.

ఆమె బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని కూతురికి ఫోన్ చేసింది. "అది బల్ల మీద పెట్టుకోకు తల్లీ. వేరేది పంపుతా."

"ఆ వేరేది ఎప్పటిదమ్మా?"

"ఇంకా తీయలేదు," అంది. "నేనే తీసుకుంటా."