మెడలో లేని పతకం

నేను ఒక గుడ్డ బ్యానరును. ఇరవై అడుగుల ఎత్తు, పన్నెండు అడుగుల వెడల్పు. ఫ్లెక్సీలు రాకముందు విజయనగరంలో సినిమా హాళ్ల నెత్తిన నిలబడి జనాన్ని పిలిచిన కుటుంబం మాది. నేను మాత్రం సినిమా కోసం పుట్టలేదు, తవిటమ్మ కోసం పుట్టాను.

తవిటమ్మ బరువులెత్తే అమ్మాయి, జూట్‌మిల్లు కార్మికుడి కూతురు. ఆసియా దేశాల పోటీలకు ఎంపికైందని పేపర్లో పడిన మర్నాడే ఊళ్లో ఒక అభినందన సంఘం వెలిసింది. అధ్యక్షుడు రైసుమిల్లు కామేశ్వరరావుగారు. ఆ అమ్మాయి బరువెత్తగా ఆయన ఒక్కసారీ చూడలేదు. అయినా బ్యానరు రాయమని పెయింటరు గుంపస్వామిని పిలిపించి, మెడలో బంగారు పతకం ఉండి తీరాలన్నారు.

"ఇంకా ఎత్తనేదు కదండీ" అన్నాడు గుంపస్వామి.

గెలిచొచ్చేదాకా ఆగితే ఆ ఘనత ఇంకెవరో కొట్టేస్తారని కామేశ్వరరావుగారి దిగులు. గుంపస్వామి తవిటమ్మ ఫోటో ఒకటి అడిగి తీసుకున్నాడు.

అతను ఫోటో మీద గళ్లు గీసి, అవే గళ్లు పెద్దవిగా నా మీద గీసి, బొమ్మ మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లుగా హీరోయిన్లను వేసిన చెయ్యి. రెండు రోజుల్లో సన్నటి నడుము, తామరతూడు లాంటి చేతులు తయారయ్యాయి. దూరంగా నిలబడి చూసుకుని అతనికే నవ్వొచ్చింది. ఆ చేతులతో బిందెడు నీళ్లు కూడా లేవవు.

మర్నాడు వ్యాయామశాలకు వెళ్లి ఓ మూల బల్లమీద కూర్చున్నాడు. అక్కడ తవిటమ్మ అరచేతుల్లో కాయలు చూశాడు. పట్టు జారకుండా రాసుకున్న తెల్లపొడి మోచేతుల దాకా అంటి ఉంది. బరువులు తగిలించిన ఇనుపబారు పైకి లేచే క్షణంలో మెడనరాలు తాళ్లలా బిగిశాయి, ముఖం అందంగా ఉండాలన్న సంగతే మరిచిపోయింది. అతను తిరిగొచ్చి నా మీద చేతులు చెరిపి మళ్లీ వేశాడు. భుజాలు వెడల్పు చేశాడు, పొడి కూడా వేశాడు. చివరగా, మనసొప్పకపోయినా, పతకం వేశాడు. బరువెత్తేటప్పుడు మెడలో పతకం ఎవరికుంటుంది? అయినా బొమ్మలో అన్నిటికంటే అదే మెరిసింది.

తవిటమ్మ పోటీలకు వెళ్లాక నన్ను గంటస్తంభం దగ్గర కట్టారు. వాళ్ల నాన్న పొంగిపోయి, ఫోన్‌లో కూతురికి నా సంగతంతా వర్ణించి చెప్పాడట.

వారం తిరగకుండా కబురొచ్చింది. తవిటమ్మ మొదటి రెండుసార్లూ బారు వదిలేసిందని, మూడోసారి ఎత్తినా నాలుగో స్థానమే దక్కిందని. సంఘం ఎలా వెలిసిందో అలాగే మాయమైంది. కామేశ్వరరావుగారు ఆ దారిన వస్తే నా వైపు తల తిప్పడం మానేశారు. పతకం మాత్రం ఎండకు ధగధగలాడుతూనే ఉంది. కింద టీకొట్టు దగ్గర దాన్ని చూపించి నవ్వుకునేవాళ్లు.

గుంపస్వామికి అన్నం సయించలేదు. ఆమె ఊళ్లో దిగే రోజు పొద్దున్నే, కంట పడకముందే నన్ను విప్పేయాలని నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఒక తాడు విప్పి రెండోదానికి చెయ్యి చాచేసరికి, చేతిసంచితో నాన్న పక్కన నడిచి వస్తూ కనబడింది తవిటమ్మ. అతను పైనే ఉండిపోయాడు. టీకొట్టు దగ్గరివాళ్లు గ్లాసులు పట్టుకుని ఇటే తిరిగారు.

ఆమె సంచి కింద పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చాలాసేపు చూసింది. ఆ చూపు కింద నేను బిగుసుకుపోయాను.

"ఇవి నా సేతులే బాబాయ్" అంది చివరికి. "ఇంతవరకూ ఎవులూ నన్ను ఇలాగ ఎయ్యనేదు. పోస్టర్లల్ల అందరూ సన్నంగా సేసీవోరు."

గుంపస్వామి నిచ్చెన మీదనుంచే పతకం వైపు చెయ్యి చూపించి తల దించుకున్నాడు.

"నాన్న ఫోన్‌ల సెప్పినకాడినుంచీ అదే కళ్లల్ల ఆడింది. బారు ముందర నిలబడితే అదే. రెండుసార్లు ఒగ్గీసినాను. మూడోసారి, పోతే పోయింది, ఇంక ఆ మెడల్ నాకు రాదులే అనుకున్నాను. అప్పుడే లెగిసింది." ఆమె ఆగి, నెమ్మదిగా అంది. "అదొక్కటి తీసీ బాబాయ్. మిగతాదంతా ఉండనీ."

అతను విప్పిన తాడు మళ్లీ కట్టి, దిగి, పరుగున వెళ్లి రంగులు తెచ్చాడు. తవిటమ్మ నిచ్చెన పట్టుకుంది. బంగారం మీద జెర్సీకి వేసిన నీలం రంగు కుంచె పెట్టగానే ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. ఏడుస్తుందేమోనని నాన్న దగ్గరకొచ్చాడు. ఏడవలేదు, ఆకలేస్తోందంది. టీకొట్టతను అడక్కుండానే ఇడ్లీలు పంపించాడు. నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుని ఆరు తినేసింది. పైన గుంపస్వామి ఈలపాట అందుకున్నాడు. నాకు కూడా మొదటిసారి బొమ్మనన్న సంగతి తెలిసింది. అంతవరకూ ఒక ప్రకటనను.

తర్వాత నన్ను వ్యాయామశాలకు మార్చారు. తవిటమ్మ ఇంకో మూడు దేశాలు తిరిగి, ఒకసారి కంచుపతకం తెచ్చింది. దాన్ని నా మీద వేయమని ఎవరో అడిగితే, వద్దంది.

ఇప్పుడు ఆమె ఇక్కడే శిక్షకురాలు. రంగు పెచ్చులూడి నా ముఖం సగం పోయింది. చేతులు మిగిలాయి. పిల్లలు నాకు వీపు పెట్టి నిలబడి బరువులెత్తుతారు. నన్నెవరూ చూడరు, చూడక్కర్లేదు కూడా. బారు నేలమీద ధన్‌మని పడుతుంది, వెంటనే ఏదో ఒక చిన్న గొంతు "హమ్మయ్య" అంటుంది. రోజంతా వింటాను ఆ మాట.