లేస్తే కళ్లు చీకట్లు

ఆ బట్టలుతికే ఫ్యాక్టరీలో యంత్రాల హోరుకి అరిచినా మాట వినపడదు. అందుకే సంఘం ఓటంటే ఒక్కటే పద్ధతి: ఒప్పుకున్నవాడు బల్ల మీంచి లేవాలి, కాదన్నవాడు కూర్చోవాలి. ఏ ఓటుకైనా ముందు లేచేది ఇస్త్రీ మేస్త్రి. అందరూ అతన్ని చిటపట అంటారు. నోరు అలాంటిది మరి.

తమ్ముడు పోయాక చిటపటకి కంటిమీద కునుకు లేదు, ఒళ్లంతా వణుకు. డాక్టరమ్మ మనసు నెమ్మదించే మాత్ర రాసింది. నిద్రొచ్చింది, వణుకు పోయింది. దాంతోపాటే కోపమూ పోయింది. కూరలో ఉప్పెక్కువైనా "పర్వాలేదులే" అనేవాడు. 'ఒక్కసారి కసురయ్యా, నీకు పుణ్యముంటుంది' అనుకునేది భార్య. పక్కలో ఉన్న మొగుడి కోసమే బెంగపెట్టుకుంది.

పని గంటలు పెంచారు. సమ్మెకి ఓటు పెడితే చిటపట చటుక్కున లేచాడు, లేచినవాడు బల్ల పట్టుకుని కూలబడ్డాడు. అతన్ని చూసి లేవబోయినవాళ్లూ కూర్చున్నారు. ఓటు వీగిపోయింది.

"అమ్ముడుపోయాడ్రోయ్!" అన్నారు గేటు దాటాక అందరూ.

మనిషికి గుండె లేదని తేల్చెయ్యడం తేలిక. నాడి పట్టి చూసే తీరికే ఎవడికీ ఉండదు. అదే ఫ్యాక్టరీలో బట్టలు మడతపెట్టే అతని భార్య కూడా నమ్మింది.

"నీ ధైర్యం ఏ గంగలో కలిసింది?" అంది ఇంటికొచ్చాక.

"లేస్తే కళ్లు చీకట్లు కమ్ముతున్నాయే. ఇదిగో, చూడు." ఆమె చెయ్యి తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. లోపల దడదడ.

మర్నాడు డాక్టరమ్మ అతన్ని కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది.

"ఈ మందు రక్తనాళాల్ని సడలిస్తుందమ్మా. లేచేసరికి రక్తం కాళ్లలోకి జారిపోతుంది, తలకి చాలదు. పైకి నెట్టాలని గుండె పరుగెడుతుంది. పిరికితనం కాదిది."

"మానిపించెయ్యనా?" అంది భార్య.

"మీ అంతట మీరు మానొద్దు. మోతాదు నేను తగ్గిస్తాను. ఈలోగా ఆగి, ఆగి లేవమనండి."

భార్య ఊరుకుంటుందా? సంఘంలో అందరికీ విషయం చెప్పి, మళ్లీ ఓటు పెట్టించింది.

చిటపట బల్ల అంచుకి జరిగాడు. పాదాలు కదిలించాడు. కాసేపాగాడు. షెడ్డంతా అతన్నే చూస్తోంది. మెల్లగా లేచాడు. తూలతాడేమోనని భార్య మోచెయ్యి పట్టుకుంది.

"వదలవే! నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?"

బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఆమె అటు చూడనేలేదు.

"ఏదీ, ఇంకోసారి అను," అంది.

అతను అలిసిపోయినట్టు నవ్వాడు. "పర్వాలేదులే, పట్టుకో."

ఆమె పట్టుకుంది. చెవి మాత్రం ఆ కసురు కోసమే కాచుకుని ఉంది.