మామయ్యగారి ఉన్మాదం

బడిలో పిల్లలకు ఎత్తు మీదనుంచి దూకడం నేర్పే వ్యాయామం మాస్టారు ఇంట్లో బల్బు మార్చబోయి స్టూలు మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఈ సంగతి బయటికి పొక్కకూడదని శతవిధాలా ప్రయత్నించాడు. క్రికెట్ ఆడుతూ పడ్డానని చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. చూడ్డానికొచ్చిన పిల్లల్లో ఒకడు పిండికట్టు మీద స్టూలు బొమ్మ గీసి మరీ వెళ్ళాడు.

భార్య ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం దాటాక గానీ రాదు. మంచినీళ్ళు అందించడానికైనా పక్కన ఒక మనిషి ఉండాలి కదా అని ఆమె తల్లికి ఫోన్ చేసింది. అత్తగారు కుట్టు నేర్పే క్లాసులు నడుపుతోంది, వదిలి రావడం కుదరదంది. "మీ నాన్న ఖాళీగానే ఉన్నారు, పంపిస్తా" అంది.

ఆ మాట వినగానే అల్లుడికి కాలినొప్పి రెట్టింపయింది.

మామగారు లిఫ్టులు తనిఖీ చేసే ఆఫీసులో పనిచేసి ఈమధ్యే రిటైరయ్యారు. మనిషి నెమ్మది, గొంతు అంతకన్నా నెమ్మది. ఏ వస్తువునైనా చేత్తో పట్టి ఊపి చూశాక గానీ నమ్మరు. కూతురు ఇతన్ని పెళ్ళాడతానని చెప్పినప్పుడు కూడా అవుననలేదు, కాదనలేదు. "చూద్దాం" అన్నారు. అలా చాలాకాలం చూశారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ చూడటం ఇంకా పూర్తి కాలేదేమోనని అల్లుడి అనుమానం.

వచ్చిన రోజునే ఆయన చంకకర్రల మరలు బిగించారు. స్టూలు తిరగేసి చూసి, "కాలు ఒకటి పొట్టి" అని తేల్చారు. ఆ తర్వాత ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"అల్లుడుగారూ, కాఫీ కలపమంటారా?"

"మీకెందుకండీ శ్రమ."

"శ్రమేముందండీ."

పొద్దుటి సంభాషణ అంతే. సాయంత్రం కాఫీ బదులు టీ. ఇంత మర్యాద భరించలేక అల్లుడు ఒకరోజు లాప్‌టాప్ ముందు పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఆటలోకి దూరిపోయాడు. అది ఇంటర్నెట్‌లో పదిమంది కలిసి ఆడే ఆట. కోటలు, భూతాలు, మంత్రగాళ్ళు, కత్తులు. అందులో అతను వైద్యుడు. దెబ్బ తిన్నవాళ్ళకు వెనకనుంచి ప్రాణం పోస్తుంటాడు. అతనితో ఇంకో ఇద్దరు రోజూ ఆడేవారు. ముందు నిలబడి దెబ్బలు కాచుకునేవాడి పేరు బండ, బయట అతను పళ్ళ డాక్టరు. చెట్టుమీదనుంచి బాణాలేసే ఆమె పేరు పిట్ట, బయట కాలేజీలో లెక్కలు చెబుతుంది. నాలుగోవాడు ఒకడుండేవాడు గానీ ఈమధ్య ఇంట్లో పసిపిల్ల పుట్టి ఆట మానేశాడు.

కాసేపటికి వెనకనుంచి అలికిడి వినిపించింది. మామగారు కుర్చీ తెచ్చుకుని తెరకేసి చూస్తున్నారు.

"ఆ మూల నిలబడి తనలో తనే నవ్వుకుంటున్నాడే, అతనెవరండీ?"

"అతను ఉన్మాది అండీ. మావాడొకడు వదిలేసి వెళ్ళిన మనిషి. చీకటి మంత్రాలేస్తాడు."

"కింద ఊదారంగు గీత?"

"అది పిచ్చి అండీ. మంత్రం వేసినప్పుడల్లా కొంచెం పెరుగుతుంది. పిచ్చి ఎంత పెరిగితే మంత్రానికి అంత బలం."

"గీత పూర్తిగా నిండితే?"

"ఇక మన చేతిలో ఉండడు. దగ్గర ఎవరుంటే వాళ్ళని బాదేస్తాడు. సొంతవాళ్ళని కూడా."

మామగారు ముందుకు వంగారు. "మరి బ్రేకు?"

"బ్రేకంటూ ఏం లేదండీ. పక్కనున్న వైద్యుడు శాంతి మంత్రం వేస్తే దిగుతుంది. అది నేనే వెయ్యాలి."

"వెయ్యడం మీకు కుదరకపోతే?"

"అప్పుడు... అంతేనండీ."

"బ్రేకు లేకుండా దీన్ని నడపడానికి అనుమతి ఎవడిచ్చాడండీ?" అన్నారు మామగారు. అంతకాలంలో ఆయన గొంతులో కొంచెం వేడి వినడం అల్లుడికి అదే మొదలు.

మర్నాడు ఆయన కూతురి పాత లాప్‌టాప్ తీసుకుని అల్లుడి పక్కన కూర్చున్నారు. ఊరికే ఆ గీత సంగతి చూద్దామనట. ఉన్మాదిని ఒక ఖాళీ మైదానంలో నిలబెట్టి గడ్డిబొమ్మల మీద మంత్రాలు వేయడం మొదలుపెట్టారు. ఒక మంత్రం వేయడం, గీత చూసుకోవడం. గీత దిగేదాకా ఆగి మళ్ళీ ఇంకొకటి. మధ్యాహ్నానికి గడ్డిబొమ్మ ఒకటి కొంచెం వంగింది. ఆయన ముఖంలో సంతోషం చూసి అల్లుడికి ముచ్చటేసింది.

"మాతో కోటలోకి వస్తారా మామయ్యగారూ?" అని నోరు జారాడు.

"నేనా? ఎందుకులెండి" అంటూనే ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

అలా నాలుగోవారు దొరికారు. యుద్ధం మధ్యలో కూడా అల్లుడు "మామయ్యగారూ, కాస్త పక్కకి జరుగుతారా, మీ వెనక భూతం ఉందండీ" అనేవాడు. ఆయన "అలాగేనండీ, మీరు కూడా జాగ్రత్త" అనేవారు. ఈలోగా ఆ భూతం ఇద్దరికీ చెరో దెబ్బా వేసేది. బండా పిట్టా నవ్వలేక చచ్చేవారు. వాళ్ళకీ ఆయన మామయ్యగారే అయిపోయారు.

చిక్కంతా ఎక్కడంటే, మామయ్యగారు గీతను పావు దాటనిచ్చేవారు కాదు. ఎదురుగా రాక్షసుడు నోరు తెరుచుకుని వస్తున్నా, ముందు గీత దిగాలి, తర్వాతే మంత్రం.

"మామయ్యగారూ, మీరు పిచ్చి మాంత్రికులా, బ్యాంకులో కౌంటరు ముందు నిలబడ్డవారా?" అని బండ ఒకరోజు అడిగేశాడు. "టోకెన్ పిలిచేదాకా కదలరేంటండీ?"

ఆ రోజు నలుగురూ చచ్చారు. ఆ పూటకి ఆట ముగించి హెడ్‌ఫోన్లు తీశాక మామగారు కళ్ళజోడు తీసి మడిచి పక్కన పెట్టారు.

"నావల్లే ఓడిపోయారు" అన్నారు.

"ఆటే కదండీ."

"అది కాదండీ. నా ఉద్యోగమే అలాంటిది. ఏమీ జరక్కుండా చూడటమే నా పని. ఏమీ జరగలేదని ఎవరూ భుజం తట్టరు. జరిగిందంటే మాత్రం..." ఆయన మాట ఆపి, అల్లుడి కాలికింద దిండు సర్దారు. "బరువు ఎక్కడెక్కువైతే అక్కడ ఆపడం తప్ప నాకింకేమీ రాదు. కానీ ఈ ఆటలో ఒకటి నాకు భలే నచ్చింది అల్లుడుగారూ."

"ఏంటండీ?"

"పడినవాళ్ళు లేస్తారు."

ఇన్నాళ్ళూ తనను తూచి చూస్తున్నారనుకున్న మనిషి, కనబడిన ప్రతిదాని గురించీ భయపడుతున్నారని అల్లుడికి అప్పుడర్థమైంది. కూతురి పెళ్ళప్పుడు ఆ "చూద్దాం" కూడా ఆ భయంలోంచే వచ్చి ఉంటుంది. ఎందుకో ఆయన మీద జాలిలాంటిది, జాలికన్నా తియ్యనిది, మనసులో కదిలింది.

ఆదివారం మధ్యాహ్నం నీడల రాణి కోటకు వెళ్ళారు. చాలాకాలంగా గెలవలేకపోతున్న కోట అది. కూతురికి సెలవు. గోడకానుకుని, ఒళ్ళో ఉతికిన బట్టలు మడతపెడుతూ, "ఏంటో ఈ పిల్లచేష్టలు" అని ఒక కన్ను తెరమీదే వేసి ఉంచింది.

రాణి మామూలుది కాదు. తల విదిలించి కొట్టిన మొదటి దెబ్బకే బండ గోడకు అతుక్కుపోయాడు. అల్లుడు ప్రాణం పోయడం, ఆమె తీయడం. కాసేపటికి పిట్ట కూడా రాలిపోయింది. మిగిలింది వైద్యుడూ ఉన్మాదీ. వైద్యుడి దగ్గర మిగిలిన శక్తితో ఒకే ఒక్క మంత్రం వస్తుంది. దాంతో మామగారికి ప్రాణం పోయాలి, లేకపోతే తర్వాత పిచ్చి దింపాలి. రెండూ కుదరవు.

"మామయ్యగారూ, గీత నింపేయండి" అన్నాడు అల్లుడు. "మీ ప్రాణం నేను నిలబెడతాను. పిచ్చి దింపడం మాత్రం నావల్ల కాదు."

"నిండితే మిమ్మల్ని కూడా కొడతాను కదండీ!"

"కొట్టండి, ఏం పర్లేదు."

"మా అమ్మాయి మొగుణ్ణి నేనెలా కొడతానండీ?"

బట్టలు కిందపడేసి కూతురు లేచి నిలబడింది. "కొట్టెయ్ నాన్నా! ఏం కాదు, కొట్టెయ్!"

మామగారు ఊపిరి బిగబట్టి మంత్రం మీద మంత్రం వేశారు. గీత సగం దాటింది, ముప్పావు దాటింది. నిండింది. తెర అంచులు ఊదారంగులో వణికాయి. ఉన్మాది రెండు చేతులూ ఎత్తి పగలబడి నవ్వాడు. ఇక ఆయన ఏ మీట నొక్కినా వాడు వినడు. చేతులకు పని లేకుండా పోయింది. ఇన్నేళ్ళ పనిలో ఎన్నడూ జరగనిది అది. ఆయన చేతులు గాల్లోకి లేచాయి, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు!" అని అరిచారు.

అల్లుడు ఉలిక్కిపడ్డాడు. కూతురు నోటిమీద చెయ్యి వేసుకుంది.

"లిఫ్టు తాడు మార్చమన్నానా లేదా? పైన రంగు పూసేస్తే తుప్పు పోతుందా? అద్దాలు పెట్టించావ్, పూలకుండీలు పెట్టించావ్, తలుపు సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవా? పైన కూర్చుని ఎవరికి ఫోన్ చేయిస్తావ్ నువ్వు, నా పై ఆఫీసరుకా? చేయించు! ఎవడొచ్చినా సంతకం పెట్టను! పెట్టనంటే పెట్టను!"

అరుపు అరుపుకీ తెరమీద ఉన్మాది ఒక నల్లటి మెరుపు విసిరాడు. ఇన్నాళ్ళూ ఎందరో భవనాల యజమానుల ముందు చేతులు కట్టుకుని "దయచేసి గమనించగలరు" అంటూ మింగిన మాటలన్నీ పాపం ఆ నీడల రాణి నెత్తిన పడ్డాయి. ఆమె మోకాళ్ళమీద కూలింది. కిరీటం దొర్లింది. కోటంతా వెలుగు పరుచుకుంది.

ఉన్మాది మాత్రం ఆగలేదు. వెనక్కి తిరిగి వైద్యుణ్ణి ఒక్క దెబ్బ కొట్టాడు. వైద్యుడు బొక్కబోర్లా పడ్డాడు.

"ఒరేయ్!" మామగారి గొంతు పూర్తిగా మారిపోయింది. "ఒరేయ్, లేరా! లేవరా నాయనా! నీకేం కాలేదు కదరా?" అంటూ తెరను కాదు, పక్కన కూర్చున్న అల్లుడి భుజాన్ని పట్టుకుని ఊపేస్తున్నారు.

"నేను బాగానే ఉన్నానండీ. మామయ్యగారూ, మనం గెలిచామండీ."

హెడ్‌ఫోన్లో బండ గొంతు వణుకుతూ వినిపించింది. "మామయ్యగారూ, మా క్లినిక్ లిఫ్టు రేపే బాగు చేయిస్తానండీ. దయచేసి నన్ను తిట్టకండి."

పిట్ట నవ్వాపుకోలేక దగ్గుతోంది. కూతురు నేలమీద కూలబడి, మడతపెట్టిన బట్టల్లో ముఖం దాచుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది. పుట్టి బుద్ధెరిగాక తండ్రి గొంతు పెంచి మాట్లాడటం ఆమె వినడం అదే మొదటిసారి. మామగారు హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టారు. చెవులు ఎర్రబడ్డాయి.

"మంచినీళ్ళు తెస్తాను" అని వంటగదిలోకి వెళ్ళిపోయారు. చాలాసేపు తిరిగి రాలేదు.

మర్నాడు పొద్దున ఏమీ జరగనట్టే గ్లాసుతో వచ్చారు. "అల్లుడుగారూ, కాఫీ తీసుకోండి."

అల్లుడు గ్లాసు అందుకోలేదు.

"నిన్న మీరు నన్ను 'ఒరేయ్' అన్నారు."

"ఆ హడావిడిలో ఏదో... ఏమీ అనుకోకండి."

"అనుకోవడం కాదండీ. నాకు బావుంది." అతను పిండికట్టు మీది స్టూలు బొమ్మను గోటితో గీకుతూ అన్నాడు, "మా నాన్న నా చిన్నప్పుడే పోయారు. నన్నలా పిలిచేవాళ్ళు ఎవరూ లేరండీ."

మామగారికి గ్లాసు పట్టుకున్న చెయ్యి కాలుతున్నట్టుంది, చెయ్యి మార్చుకున్నారు.

"చల్లారిపోతుంది, తాగు" అన్నారు. కాస్త ఆగి, గొంతు సవరించుకుని, సరిగ్గా పడుతుందో లేదో తలుపు తోసి చూసినంత జాగ్రత్తగా, "తాగరా" అన్నారు.

కట్టు విప్పే రోజు ఆసుపత్రికి ఆయనే తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక ఇక బయల్దేరవచ్చు. అయినా వంటగది పంపు కారుతోందని ఒకరోజు, అల్లుడి నడకలో కొంచెం వంకర ఉందని ఇంకో రోజు ఉండిపోయారు. ఒక పొద్దున కూతురు భర్తను మెల్లగా లేపి, వేలు పెదవి మీద పెట్టి, తలుపు పక్కకు లాక్కెళ్ళింది. హాల్లో మామగారు అత్తగారితో ఫోన్లో మాట్లాడుతున్నారు.

"వాడికేం, దివ్యంగా ఉన్నాడు. కాలు గట్టిపడింది. కాదోయ్, నేను చూశాను, నడిపించి చూశాను. మనవాడు మెతక, అడిగితే ఏదీ కావాలనడు, మనమే కనిపెట్టుకోవాలి... ఆ, వచ్చేస్తాన్లే. ఎల్లుండి."

భార్య అతని చేతిని గట్టిగా నొక్కింది. అతను పళ్ళు తోముకునే వంకతో గబగబా కుళాయి దగ్గరికి వెళ్ళి, ముఖం మీద నీళ్ళు కొట్టుకున్నాడు.

మామగారు ఊరెళ్ళిపోయారు. ఆదివారాలు మాత్రం నలుగురూ కలుస్తారు. ఆయన ఆట పెద్దగా మెరుగుపడలేదు. గీత సగం దాకా మాత్రం తీసుకెళ్తున్నారు, అది కూడా ముగ్గురూ బతిమాలితే. ఎక్కువసార్లు ఓడిపోతారు. ఈ వారం కొత్తగా మంచుకోట తెరిచారు. ముగ్గురూ గుమ్మం దగ్గర మంట వేసుకుని ఎదురుచూస్తుంటే, అల్లుడి చెవిలో అవతల కుర్చీ లాగిన చప్పుడు, ఒక చిన్న దగ్గు వినిపించాయి.

"వచ్చాన్రా. లోపలికి వెళ్ళలేదు కదా? నేను లేకుండా వెళ్ళకండి."

"లేదండీ మామయ్యగారూ, మీకోసమే ఉన్నాం."

"సరే, పద" అన్నారాయన.